ఖాళీ అని రాసిన ఊరు

కిందటి వారం మనం మాస్టారిని సన్మాన వేదిక మీద, మెడలో దండతో, నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డ మనిషిలా నిలబెట్టి వచ్చేశాం. ఆయన సంగతి ఎరగనివారికి నాలుగు ముక్కలు చెబుతాను. పదకొండేళ్ళ కిందటి దాకా ఆయన బడిలో భూగోళం చెప్పుకునేవారు. రాష్ట్రం మొత్తాన్నీ ఒక పుస్తకంలో పెట్టాలని, కొండల దగ్గర్నుంచి పాటల దాకా ఏదీ వదలకూడదని, సర్కారువారు ఒక ఆఫీసు తెరిచి ఆయన్ని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. తీరం గురించిన అధ్యాయమంతా ఆయన చేతి రాతే. రైలు తెల్లారి బయల్దేరి పొద్దుగూకేదాకా పరుగెత్తినా తరగని తీరం అది. దాని రేవులూ, చేపల వేటా, ఉప్పూ, ఆ ఉప్పు మీద పాత రాజులు వేసిన సుంకాలూ, ఓడలెక్కి వచ్చిన పరాయివాళ్ళూ, అన్నీ నూట నలభై పేజీల్లో రాశారు. పుస్తకం అచ్చయింది. సభ పెట్టి దండ వేశారు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి, పుస్తకం తెరిచి పట్టుకుని, "రెండొందల పన్నెండో పేజీ రాసిన బాబు ఎవరు?" అని అడిగింది.

సభలో నవ్వులు లేచాయి. డైరెక్టరు గారు మైకు అందుకుని, "రేపు పొద్దున పదింటికి ఆఫీసుకి రామ్మా, మాట్లాడదాం" అన్నారు. ఆవిడ కూర్చుంది. మాస్టారు మాత్రం ఆ పేజీ నంబరు చెవిన పడ్డప్పటి నుంచి మనిషి మనిషిలో లేరు. ఎందుకో ఆయనకొక్కరికే తెలుసు. ఇవాళ మనకీ తెలుస్తుంది.

తెల్లవారి మాస్టారు స్నానం చేసి దేవుడి ముందు దీపం వెలిగించారు. రోజూ చదువుకునే నాలుగు మాటలూ చదవబోతే మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. నలభై ఏళ్ళ అలవాటు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలిగినవి. ఇవాళ అవి వేరేవాళ్ళ సొత్తులా అనిపించాయి. ఎవరి ఇంట్లోకో అడగకుండా వచ్చి కూర్చున్నట్టు, ఆయన ఆ దీపం ముందు కాసేపు కూర్చుని లేచిపోయారు.

వంటింట్లోంచి భార్య చూస్తూనే ఉంది.

"ఏమండీ, నిన్న ఆ పెద్దావిడ ఏం అడగాలనుకుందట?"

"ఏదో సందేహంట."

"సందేహమైతే అక్కడే చెప్పేస్తే పోయేదిగా! బడిలో అరవైమంది పిల్లలు ఒక్కసారి చేతులెత్తితే అందరికీ చెప్పేవారు. ఒక్క మనిషికి చెప్పలేకపోయారా?"

మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒక గుండీ తప్పుగా పెట్టుకున్నారు. ఆవిడ వచ్చి సరిచేసింది. "మొదటిది తప్పితే కింద దాకా అన్నీ తప్పే" అని నవ్వి, టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. ఆయనకి నవ్వు రాలేదు.

ఆఫీసు ఒక పాత రెండంతస్తుల భవనం. పైన రాసేవాళ్ళూ, కింద పటాల హాలు. హాలు మధ్యలో పెద్ద బల్ల మీద రాష్ట్రం మొత్తం సున్నపుముద్దతో పోతపోసి ఉంటుంది. పడమట కొండలు జానెడేసి ఎత్తున లేచి ఉంటాయి. మూడు నదులు వాటిలోంచి దిగి, వంకర్లు తిరిగి, తూర్పున నీలం రంగు పూసిన సముద్రంలో కలుస్తాయి. రేవుకో ఎర్ర చుక్క, ఊరికో నల్ల చుక్క. బడిపిల్లలు చూడటానికి వస్తే ఎవరి ఊరి చుక్క మీద వాళ్ళు వేలు పెట్టి మురిసిపోతారు. అలా ముట్టుకుని ముట్టుకుని కొన్ని చుక్కలు అరిగిపోయాయి కూడా.

గుమ్మం దగ్గరే అటెండరు ఎదురొచ్చాడు.

"దండ ఇంకా వాడనే లేదు, అప్పుడే ముళ్ళు గుచ్చుకోవడం మొదలైందా మాస్టారూ? పొద్దున్న ఎనిమిదింటి నుంచీ కూర్చుంది ఉప్పు పెద్దమ్మ. టీ తాగమంటే, ముందు పని అవనీ బాబూ అంటుంది. తోటికోడలిని కూడా తెచ్చుకుంది. ఆవిడేమో బయట గేటు దగ్గర కాపలా కాస్తోంది, మనమెక్కడ పారిపోతామో అని."

"ఉప్పు పెద్దమ్మేమిటి?"

"ఉప్పుమడుల్లో పనట. నేనే పెట్టాను పేరు. బావుంది కదూ?"

హాల్లో పెద్దావిడ కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడి ఏటి మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో పడే చోట, వేలితో వెతుకుతోంది. అరవై దాటి ఉంటాయి. మడమలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఉప్పునీళ్ళలో నిలబడే కాళ్ళు ఎండిన మట్టిలా అలాగే బీటలు తీస్తాయి. మాస్టారు తన పుస్తకంలో ఆ సంగతి కూడా రాశారు. "ఉప్పు కార్మికుల పాదాలు" అని ఒక పేరా. వేరే పుస్తకంలో చదివి.

"మీరేనా బాబూ?" అంది ఆవిడ, వేలు తీయకుండానే.

"నేనేనమ్మా."

"ఇక్కడుండాలి మా ఊరు. మొగకి ఇవతల, దక్షిణంగా. మీరు చుక్క పెట్టలేదు. అడిగితే, ఖాళీ ఊళ్ళకి చుక్కలుండవు అన్నాడు ఈ అబ్బాయి."

అటెండరు నాలిక్కరుచుకుని టీ నెపంతో బయటికి జారుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. వాళ్ళ ఊరికి అవతలి ఒడ్డున ఉన్న బడికి పంపిన ప్రతి అది. పేజీలో ఒక రెల్లుపుల్ల గుర్తుగా పెట్టి ఉంది. కళ్ళజోడు సవరించుకుని, వరస కింద వేలు పెట్టి, పదం పదం కూడబలుక్కుంటూ చదివింది.

"ఒకప్పుడు... ఓడలకు ఉప్పు నింపి పంపిన... పేరుగల గ్రామం. ప్రస్తుతం ఖాళీ. కప్పు లేని గోడలు, తలుపులు లేని గుమ్మాలు... గత వైభవానికి మూగసాక్షులు."

చదివి తలెత్తింది.

మాస్టారికి ఆ వాక్యం రాసిన రోజు గుర్తొచ్చింది. రాసి, పైకి చదువుకుని, భార్యకి కూడా వినిపించారు. ఎంత బావుందండీ అందావిడ. నిన్న సభలో మొదటి వక్త చదివి వినిపించిందీ ఆ వాక్యమే.

"మూగసాక్షులంటే ఏంటి బాబూ? మాట్లాడని సాక్షులనా?"

"ఆ... అంతే."

"గోడలు మాట్లాడకపోతే పోనీ. మేం మాట్లాడతాం కదా. మమ్మల్ని అడగాల్సింది."

ఆవిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే, ఎందుకు అడగలేదో తెలుసుకుందామన్నట్టు అడిగింది. అదే కష్టం. తిట్టేవాళ్ళకి ఎదురు తిట్టి బతకొచ్చు. మామూలుగా అడిగేవాళ్ళకి ఏం చెప్పి బతకాలి?

"ఎవరూ లేరమ్మా నేను వచ్చినప్పుడు" అన్నారు మాస్టారు.

"ఏ నెలలో వచ్చారు?"

ఆయన చెప్పారు. ఆవిడ ముఖంలో ఒక్కసారిగా నవ్వు విచ్చుకుంది. ఇంటికొచ్చిన చుట్టం పెరటి గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తున్నాడని తెలిస్తే నవ్వుతామే, అలాంటి నవ్వు.

"గాలి నెలల్లో వచ్చారా! అదీ సంగతి. గాలి నెలల్లో మా ఊళ్ళో పిట్ట కూడా ఉండదు బాబూ. తుఫాను రోజులు కదా. మేమే కప్పులు విప్పేస్తాం. తలుపులు ఊడదీస్తాం. అన్నీ పడవలకెత్తుకుని అవతలి ఒడ్డుకి పోతాం. గాలికి పట్టు దొరికితేనే ఇల్లు లేచిపోతుంది. పట్టు దొరక్కపోతే గోడల మధ్యకి అలా వచ్చి ఇలా పోతుంది. మా తాతల నాటి నుంచీ అంతే. మూడు నెలలయ్యాక మళ్ళీ వచ్చి, కప్పు వేసుకుని, ఎవరి తలుపు వాళ్ళు బిగించుకుంటాం. కలిసిపోకుండా ఒక్కో తలుపుకి ఒక్కో గుర్తు చెక్కి ఉంటుంది. మా అత్తగారి తలుపుకి మూడు గంట్లు. నూట పన్నెండు తలుపులు బాబూ. మా తోటికోడలైతే చీకట్లో తడిమి చెబుతుంది, ఏ తలుపు ఎవరిదో."

మాస్టారు వింటున్నారు. పదకొండేళ్ళలో ఇంత మంచి సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. తన అధ్యాయంలో ఇది ఉంటే ఎంత వెలిగేదో అని ముందు అనిపించింది. అలా అనిపించినందుకు ఆ వెంటనే ఒళ్ళంతా సిగ్గు పాకింది.

"మీరేమో ఊరు చచ్చిపోయిందనుకున్నారు" అంది ఆవిడ నవ్వుతూనే. "స్నానానికి దిగినవాడి బట్టలు గట్టు మీద చూసి, మనిషి పోయాడని ఏడ్చినట్టు!"

తర్వాత ఆ నవ్వు దానంతటదే సద్దుమణిగింది.

"రేవు పెద్దది చేస్తున్నారు బాబూ. సముద్రంలోంచి తోడిన ఇసుక పోయడానికి ఖాళీ జాగా కావాలంట. మా మడులూ, మా ఇళ్ళున్న మెట్టా వాళ్ళు గీసిన గీత లోపలే పడ్డాయి. మేం ఉన్నామయ్యా అంటే, రేవు ఆఫీసరు మీ పుస్తకం తెరిచి చూపించాడు. సర్కారు పుస్తకంలోనే ఖాళీ అని ఉంది, ఇక్కడ ఇళ్ళెక్కడివి అన్నాడు. మా రేషన్ కార్డులు చూపిస్తే అన్నిటి మీదా అవతలి ఒడ్డు చిరునామాలే. కార్డులకి పేర్లు రాసుకునేవాళ్ళు గాలి నెలల్లోనే వస్తారు, అప్పుడైతే మేం రోడ్డు పక్కనుంటాం కాబట్టి. ఎల్లుండి విచారణ. ఆ రోజు గడిస్తే మా మాట ఇంకెక్కడా చెల్లదంట. ఆ పేజీ తప్పని మీరు ఒక కాగితం ఇస్తే చాలు. రాసింది మీరే గనక మీ మాట నమ్ముతారు."

"ఇస్తానమ్మా. తప్పకుండా ఇస్తాను." మాస్టారికి ఊపిరి అందినట్టయింది. ఇంత తేలిగ్గా పోతుందని ఆయన అనుకోలేదు.

"మీరు వచ్చినప్పుడు ఊళ్ళోకి ఎటు వైపు నుంచి దిగారు?"

ఊరికే అడిగింది. తన ఊరికి వచ్చినవాళ్ళని ఎవరైనా అడిగే మాటే. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఇది రాస్తున్న నా చెయ్యి ఇక్కడ కాసేపు ఆగింది. భూగోళం బోధించి, పొద్దున్నే దీపం పెట్టి, ఎవరి సొమ్మూ ముట్టని మనిషి. అలాంటివాడి నోటికి అబద్ధం అంత అలవోకగా ఎలా దొరుకుతుందో, దేవుడు మనలో ఆ తలుపు ఎందుకు తీసి ఉంచాడో, నాకు తెలియదు.

"ఉత్తరం వైపు నుంచి" అన్నారు మాస్టారు. "దిగి అంతా తిరిగి చూశానమ్మా. ఒక్క మనిషి లేడు. బావి దగ్గరికి కూడా వెళ్ళాను. ఎండిపోయి ఉంది."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపేమీ కాదు. బల్ల మీది సున్నపు సముద్రం వైపు చూపు తిప్పుకుంది.

"మా ఊళ్ళో బావి లేదు బాబూ" అంది మెల్లగా. "ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు పడవలో తెచ్చుకుంటాం."

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. బయట గేటు దగ్గర తోటికోడలు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. మాస్టారి చెవులు రెండూ వేడెక్కాయి. బడిలో కాపీ కొట్టిన పిల్లాడి ముఖం ఎలా ఉంటుందో ముప్ఫయ్యేళ్ళు చూసిన మనిషి. లోపలి నుంచి అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

అదే సమయానికి డైరెక్టరు గారు గుమ్మంలో అడుగుపెట్టారు. మనిషి చెడ్డవాడు కాదు. అందరూ సుఖంగా ఉండాలనీ, ఆ అందరిలో తాను ముందుండాలనీ కోరుకునేవారు, అంతే. వస్తూనే పెద్దావిడకి నమస్కారం పెట్టి, మాస్టారి భుజం తట్టారు.

"విన్నాను, గేటు దగ్గర ఈవిడ తోటికోడలిని అడిగి అటెండరు అంతా చెప్పాడు. దీనికింత కంగారెందుకు మాస్టారూ? మీరు అక్కడికి వెళ్ళారు, చూశారు కదా?"

మాస్టారు నోరు తెరిచారు.

పెద్దావిడ అందుకుంది.

"వచ్చారయ్యా బాబు. వచ్చిన నెల మంచిది కాదు, అంతే."

మాస్టారు తల దించుకున్నారు. తన అబద్ధాన్ని ఆవిడ పట్టుకోవడం ఒక ఎత్తు. పట్టుకున్నదాన్ని కొంగు చాటున దాచి ఆయన పరువు నిలబెట్టడం ఇంకో ఎత్తు. నలుగురిలో నిలదీసి ఉంటే, తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, తర్వాత ఆవిడ మీద కాస్త కోపం తెచ్చుకుని బతికిపోయేవారు. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

"ఇంకేం, అయిపోయింది!" అన్నారు డైరెక్టరు గారు. "తప్పు అని రాస్తే ఎవరి తప్పని అడుగుతారు. బళ్ళకి పంపిన పుస్తకం ఇది. కాబట్టి మనం ఇలా రాద్దాం. మాస్టారు 'గాలి నెలల్లో మాత్రం ఖాళీ' అని రాశారు. అచ్చులో 'గాలి నెలల్లో మాత్రం' అన్న మూడు మాటలు ఎగిరిపోయాయి. ముద్రణ లోపం! ఊరికి ఊరు దక్కుతుంది, పుస్తకానికి పుస్తకం దక్కుతుంది."

"అచ్చు చూసింది సీసం తాత కదండీ" అన్నారు మాస్టారు.

"ఆయన రిటైరై ఏడాదయింది. ఆయనకి పోయేదేముంది?"

సీసం తాత అంటే అచ్చాఫీసులో సీసపు అక్షరాల కాలం నుంచీ పనిచేసిన పెద్దమనిషి. అక్షరాల పని పోయి కంప్యూటర్లొచ్చాక ప్రూఫులు దిద్దారు. ఒక్క అక్షరం రాలనిచ్చే మనిషి కాదు. మాస్టారి రాతలో ఒత్తు తప్పితే సైకిలేసుకుని ఇంటికొచ్చి మరీ అడిగేవారు. ఈ పేజీకీ వచ్చారు. "మాస్టారూ, ఖాళీ అని తేల్చేశారు, ఎవర్నైనా అడిగారా?" అని. "నేను చూసి వచ్చాను తాతా" అని కసిరారు మాస్టారు. ఆ మాట ఇప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది.

పెద్దావిడ ఇద్దరి ముఖాలూ చూస్తోంది. "ఎట్లా రాసినా నాకేం పేచీ లేదయ్యా" అంది. "ఊరుందని ఉండాలి, అంతే. కానీ ఆ తాత ఎవరో పెద్దాయన... చెయ్యని తప్పు ఆయన నెత్తిన పడుతుందేమో చూసుకోండి. మా ఊరు ఇంకొకరి ఉసురు మీద నిలబడటం నాకిష్టం లేదు."

మాస్టారు బల్ల సొరుగు లాగి తెల్ల కాగితం తీశారు. నూట నలభై పేజీలు రాసిన చెయ్యి అది. నాలుగు వరసలకి పావుగంట పట్టింది. రాసి, కాగితం డైరెక్టరు గారి చేతికివ్వకుండా తానే పైకి చదివారు.

"రెండొందల పన్నెండో పేజీలో ఖాళీ అని నేను రాసిన ఊరిలో నేను అడుగు పెట్టలేదు. పడవలో కూర్చుని దుర్భిణిలో చూసి రాశాను. ఆ ఊళ్ళో నూట పన్నెండు ఇళ్ళున్నాయని ఇవాళ తెలుసుకున్నాను. అచ్చులో ఏ తప్పూ జరగలేదు. తప్పు నాది."

"మతి పోయిందా మీకు?" డైరెక్టరు గారి గొంతు లేచింది. "అడుగు పెట్టలేదా? ఎందుకు పెట్టలేదు?"

"సముద్రం నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయండీ. మోకాలి లోతు బురద. దిగితే మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు నిండేదాకా ఆరుగంటలు ఆగాలన్నాడు పడవవాడు." అన్నారు మాస్టారు. ఇంకా ఒక ముక్క మిగిలి ఉంది. అదే అన్నిటికంటే చిన్నది, అందుకే అన్నిటికంటే బరువైంది. "నాకు ఆకలిగా ఉంది. గెస్ట్ హౌస్‌లో భోజనం చల్లారిపోతుందనుకున్నాను."

డైరెక్టరు గారు నవ్వబోయి ఆగిపోయారు. పెద్దావిడ నవ్వలేదు.

"ఆకలి ఎవరికైనా వేస్తుంది బాబూ" అంది.

"మీరు ఒక్క పేజీ అనుకుంటున్నారు" అన్నారు డైరెక్టరు గారు, గొంతు తగ్గించి. "ఈ కాగితం విచారణలో పెడితే, మిగతావి ఎలా రాశారని అడుగుతారు. తీరం అధ్యాయం మొత్తం పోతుంది. పుస్తకం వెనక్కి పిలవాలి. మీ పేరు, నా పేరు, ఈ ఆఫీసు... ఆలోచించుకోండి. నేను పైవాళ్ళతో ఫోన్లో మాట్లాడి వస్తాను. నేను వచ్చేదాకా ఆ కాగితం ఈ గది దాటకూడదు."

ఆయన మెట్లెక్కి వెళ్ళిన చప్పుడు వినిపించింది. మాస్టారు కాగితం కింద సంతకం పెట్టారు. నాలుగు మడతలు వేసి పెద్దావిడ చేతిలో పెట్టి, ఆవిడ వేళ్ళు దాని మీద ముడుచుకునేదాకా చూశారు.

"ఆయన వచ్చేలోపు వెళ్ళిపోండమ్మా. ఎల్లుండి నేనే విచారణకి వస్తాను. కాగితం నమ్మకపోతే నన్ను అడుగుతారు."

ఆవిడ కాగితం పుస్తకం మధ్యలో కాదు, నడుం దగ్గర చీర మడతలో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"బాబూ, ఇందాక పైకెళ్ళిన పెద్దాయన ఒక మాటన్నాడు. మిగతావి ఎలా రాశారని అడుగుతారని." వెనక్కి తిరిగింది. "మా ఊరొక్కటేనా?"

మాస్టారు బల్ల వైపు చూశారు. కొండల్లో ఆయన తిరిగారు, నదుల వెంబడి నడిచారు, పెద్ద రేవులన్నీ చూశారు. అది నిజమే. కానీ ఆ నీలం అంచున, చుక్కలు లేకుండా తెల్లగా మిగిలిపోయిన చోట్లు ఆయన కళ్ళకి ఇవాళ మొదటిసారి కనిపించాయి. చూసిన చోట్ల కంటే అవే ఎక్కువ మెరుస్తున్నాయి.

"కాదమ్మా."

"ఇంకెన్ని?"

"ఖాళీ అని రాసినవి మూడు. అదే ప్రయాణంలో, అదే పడవలో. ఒకటి దీపస్తంభం కింద. అది నిజంగానే ఖాళీ, తర్వాత తెలిసింది. రెండోది మీది."

"మూడోది?"

ఆయన వేలు మొగ దాటి, ఉత్తరంగా జరిగి, ఏటికీ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన ఇసుక నాలుక మీద ఆగింది. "ఇది. ఇక్కడ గుడిసెలేమీ కనపడలేదు. దూరంగా ఒక పొగ మాత్రం లేచింది. ఎవరో గడ్డి తగలబెడుతున్నారనుకున్నాను."

పెద్దావిడ బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన వేలున్న చోటుని వంగి చూసింది. ఆ వేలు సరిగ్గా అక్కడే ఉందా అని అటూ ఇటూ ఒడ్డుల్ని పోల్చుకుంది.

"అక్కడ వలలు అల్లేవాళ్ళున్నారు బాబూ. చెట్ల మాటున ఉంటాయి ఇళ్ళు, పడవలోంచి కనపడవు. నలభై గడప. వాళ్ళల్లో చదువు వచ్చినవాళ్ళు లేరు. మీ పుస్తకం చూపించి ఖాళీ చెయ్యమంటే వాళ్ళకి ఏం తెలుస్తుంది? అర్జీ ఎవరు రాస్తారు?"

"వాళ్ళ విచారణ ఎప్పుడో కనుక్కుంటాను. ఇవాళే..."

"విచారణా?" ఆవిడ గొంతు తగ్గిపోయింది. చేత్తో బల్ల అంచు పట్టుకుంది. "అడిగేవాళ్ళు లేని చోట విచారణ ఎందుకు పెడతారు? నిన్న మేం వచ్చేటప్పుడు మొగ దగ్గర రెండు పెద్ద పంటు పడవలు ఎదురొచ్చాయి. ఇసుక తవ్వే యంత్రాలెక్కించుకుని అటే పోతున్నాయి. అటు మనుషులున్నారు కదా, యంత్రాలెందుకే అని మా తోటికోడలు అడిగింది. నేనే నవ్వాను. ఉంటే పంపుతారా పిచ్చిదానా, చూసే ఉంటారులే అన్నాను."

మాస్టారి వేలు ఆ ఇసుక నాలుక మీదే ఉంది, తీయడానికి రాలేదు. పై నుంచి డైరెక్టరు గారి చెప్పుల చప్పుడు ఒక్కొక్క మెట్టే దిగి వస్తోంది.

"అటు పడవ పోవాలంటే, పోటు ఎన్నింటికమ్మా?" అని అడిగారు మాస్టారు. అడుగుతూనే బల్ల చుట్టూ తిరిగి గుమ్మం వైపు నడిచారు.